తుమ్ముకో మాత్ర, దగ్గుకో సీసా

“ముక్కు కారుతోందా? ఇదిగో, పచ్చ మాత్ర. జ్వరమా? తెల్లది. దగ్గా? ఈ సీసా. ఇంకేమన్నా ఉందా అక్కా?”

మందుల షాపతను అడిగిన తీరుకి, అంతకుమించి రోగమేదీ లేనందుకు టైలరమ్మకి కాస్త మొహమాటం వేసింది.

“ఒళ్ళునొప్పులు...” అంది.

“అలా చెప్పు మరి!” అంటూ హుషారుగా ఇంకో అట్ట తీశాడు.

బడిపిల్లల యూనిఫారాలు నలభై జతలు సోమవారానికల్లా ఇచ్చేయాలి. చూస్తే మూడు రోజులుగా తుమ్ములే తుమ్ములు. డాక్టరు దగ్గరికి వెళ్తే సగం పూట నీళ్ళపాలవుతుందని ఇటు వచ్చింది.

“బీపీకి మందేమన్నా వాడుతున్నావా తల్లీ?”

ఆ గొంతు పక్కనుంచి వచ్చింది. గోడవార బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చేతిలో పేపరు. ఎప్పుడొచ్చినా అక్కడే కనిపిస్తాడు. పొద్దుపోక ఫ్యాను కింద చేరిన మనిషి కాబోలనుకునేది టైలరమ్మ.

“వాడుతున్నానండీ. ఏడాదైంది.”

“అయితే ఆ పచ్చది వద్దు. ముక్కుదిబ్బడ తగ్గించే మందుంది అందులో, అది బీపీ పెంచుతుంది. ఆ ఒళ్ళునొప్పుల మాత్రా అంతే. పైగా పచ్చదాంట్లోనూ, తెల్లదాంట్లోనూ పారాసెటమాలే ఉంది. పేర్లు వేరు, లోపల సరుకు ఒకటే. రెండూ కలిపి మింగితే మోతాదు మించిపోతుంది, లివరుకి చేటు.”

“పెద్దాయనా!” షాపతను కసిరాడు. “మీరు పేపరు చదువుకోండి. బేరం మధ్యలో నోరు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?”

“పేపరుతో పాటు అట్ట వెనకాల అక్షరాలు కూడా చదువుతానయ్యా.”

“మీ పని మీరు చూసుకోండి.”

“అదే చూసుకుంటున్నాను.”

వెనక నిలబడ్డవాళ్ళు ఫక్కున నవ్వారు. టైలరమ్మకీ నవ్వాగలేదు. మనిషిని బట్టలతో కొలవడం ఆమె వృత్తి. షాపతను ఇస్త్రీ నలగని తెల్లకోటులో ఉన్నాడు, జేబులో రెండు పెన్నులు. పెద్దాయన చొక్కాకి రెండో గుండీ లేదు, కాలరు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. తెల్లకోటు మాట వినాలా, గుండీ లేని చొక్కా మాట వినాలా? అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు పూటపూటకీ అన్నీ మింగింది. ముక్కు ఆగింది. తలే ఆగకుండా తిరగడం మొదలుపెట్టింది. మూడో రోజు పొద్దున మిషను మీద వంగితే గుండె దడదడలాడింది, సూది రెండుగా కనిపించింది.

“ఇదేంటే, ఈ పిల్లాడికి మూడు చేతులా?” అన్నాడు భర్త, చొక్కా ఎత్తి చూపిస్తూ. కాలరు ఉండాల్సిన చోట ఒక చెయ్యి వేలాడుతోంది.

నవ్వబోయి అతను ఆమె మొహం చూశాడు. వెంటనే బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ బీపీ చూసింది. నమ్మకం కలగక మళ్ళీ చూసింది. ఆ తర్వాత సంచిలోని మందులన్నీ బల్ల మీద వరసగా పేర్చింది.

“ఇన్నీ ఎవరిచ్చారమ్మా?”

“తెల్లకోటాయనండీ.”

“ఆవిరి పట్టి, ఆ తెల్ల మాత్ర ఒక్కటి చెప్పిన మోతాదులో వేసుకుంటే సరిపోయేది. బీపీ ఉందా అని ఎవరూ అడగలేదా? ఇంకో రెండు రోజులు పోతే పక్షవాతం వచ్చి పడిపోయేదానివి.”

టైలరమ్మ తల దించుకుంది. అడిగిన మనిషి ఒకడున్నాడు. ఆయన్ని చూసి అందరితో పాటు తనూ నవ్వింది.

తేరుకున్నాక తిన్నగా మందుల తనిఖీ ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. ‘ఆ షాపులో మందుల గురించి తెలిసినవాళ్ళెవరూ లేరు. తెలిసిన పెద్దాయన ఒకరు ఊరికే బెంచీ మీద కూర్చుంటారు. పాపం, ఆయన్ని నోరెత్తనివ్వరు. అలాంటి మనిషినైనా అక్కడ పనిలో పెట్టించండి’ అని చివర్న ఒక సలహా కూడా చేర్చింది.

మర్నాడే తనిఖీ అధికారి వచ్చాడు. టైలరమ్మ కూడా వెంట వెళ్ళింది. బెంచీ మీద పెద్దాయన ఎప్పట్లాగే పేపరు చదువుకుంటున్నాడు. ఆమెని చూసి, “తగ్గిందా తల్లీ?” అని మెల్లిగా అడిగాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి.

“నువ్వు మందుల చదువు చదివావా?” షాపతన్ని నిలదీశాడు అధికారి.

“లేదండీ. నేను ఓనర్ని.”

“మరి ఈ కోటు దేనికి?”

“దుమ్ము పడకుండా అండీ.”

“చదువుకున్న ఫార్మసిస్టు లేకుండా మందులమ్మకూడదని తెలీదా? షాపు మూయించేస్తాను!”

“అయ్యో, ఎంత మాట! లేకుండా ఎలా తెరుస్తానండీ? పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారు.”

“ఎక్కడ? పిలువు!”

టైలరమ్మ లోపలి గది తలుపు వైపు కోపంగా చూసింది. ఇన్నాళ్ళూ అందులో దాక్కుని, నోరు మెదపకుండా జీతం తిన్న ఆ మహానుభావుడెవరో చూడాలి.

షాపతను బెంచీ మీది పెద్దాయన్ని చూపించాడు.