ఎదురుగా నిలబడ్డావిడ

ఆవిడ ఎప్పుడొచ్చిందో వడ్రంగి చూడలేదు.

అతని ధ్యాసంతా, కొయ్యని గిరగిరా తిప్పే లేత్‌ మిషనుకి బిగించిన మొద్దు మీదే ఉంది. ఎద్దు తలకాయంత మొద్దు. ఒక పక్క పెద్ద బుడిపె. చేత్తో తిప్పి వదిలితే, ఆ బరువుకి దానంతటదే కిందికి వాలి ఆగింది.

"ఆ బుడిపె ముందు గొడ్డలితో చెక్కెయ్యండి."

తలెత్తాడు. గుమ్మంలో ఎవరో నడివయసు మనిషి.

"ఏం కావాలమ్మా?"

"ఏమీ వద్దు. ఇటుగా పోతూ ఆగాను. వేగం ఎంతలో పెట్టారు?"

"ఎంతలో పెట్టాలో అంతలోనే. కాస్త తప్పుకోండి, మిషను వెయ్యాలి."

ఆవిడ తప్పుకోలేదు సరికదా, లోపలికొచ్చి మొద్దుకి సరిగ్గా ఎదురుగా నిలబడింది.

"బాగా తగ్గించండి. ఈ వరసలోకి ఎవర్నీ రానివ్వకండి."

"మీరే నిలబడ్డారుగా?"

"నేనుంటే మీరు స్విచ్చి వెయ్యరని."

వడ్రంగికి ఒళ్లు మండింది. పొద్దున్నే ఈ తగులాటం ఏమిటనుకున్నాడు.

"ఈ పని నాకు కొత్త కాదు. ఆ జాగ్రత్తలేవో మీ ఇంట్లోవాళ్లకి చెప్పుకోండి."

ఆవిడ ఒకసారి మిషను వైపు చూసింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

బిగింపు ఇంకోసారి చూసుకున్నాడు. వేగం మాత్రం తగ్గించలేదు. స్విచ్చి వేశాడు.

దడదడమంటూ నేల అదిరింది. బల్ల మీది ఉలులు ఒక్కొక్కటే అంచుకి జరిగాయి.

కాసేపు చెక్కితే అదే కుదురుకుంటుందిలే అనుకున్నాడు.

వెనక గదిలోంచి భార్య పిలిచింది. ఆ మోతలో అతనికి వినపడలేదు. విసుక్కుంటూ తనే వచ్చింది.

"రాకు," అని అతను అరిచేసరికి మిషను మీద మొద్దు లేదు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలోకి బావమరిది పరుగున వచ్చాడు. ఆ పాత మిషను బేరం కుదిర్చిపెట్టింది అతనే.

"అక్కకెలా ఉంది?"

"తుంటి నుజ్జయింది. మళ్లీ నడవడం కష్టమంటున్నారు."

బావమరిది పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"పొద్దున ఎవరో ఒకావిడ వచ్చింది," అన్నాడు వడ్రంగి. "చెప్తే వినలేదు నేను."

"నిన్న నా దగ్గరికొచ్చి నీ ఇంటి గుర్తులు అడిగింది బావా. ఆ మిషను అమ్మింది ఆవిడే. భర్త పోయాక అమ్మేసింది."

"దాని మీద పనిచేస్తూ పోయాడా?"

"పనిచేసింది ఆవిడే బావా. ఆయన ఎదురుగా ఊరికే చూస్తూ నిలబడ్డాడు."