ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన ఐదు కంప్యూటర్లు

“ఈ ఐదు సిస్టమ్‌లూ మీ షాపుకి ఎప్పుడొచ్చాయి?”

లోపలికి వచ్చిన మనిషి నమస్కారం పెట్టలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేరుగా గోడవారన పేర్చి ఉన్న పాత కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళి, పై పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. ఒక్కోదాని మీదా మహిళల ఆశ్రమం తాలూకు స్టిక్కరు ఇంకా అలాగే ఉంది.

షాపాయన కంగారుగా లేచాడు.

“సోమవారం సార్. వాళ్ళు కొత్తవి కొన్నారు, పాతవి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చారు. అందరూ చేసేదేగా.”

“లోపల డిస్కులు?”

“ఉన్నాయి సార్. మేం ఇంకా విప్పలేదు.”

అంతే, అతను అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“డిస్కులతో సహా ఇచ్చేశారన్నమాట. కొత్తవి కొనేటప్పుడు మూడేసి మీటింగులు పెట్టుకుంటారు. స్క్రీను ఎంతుండాలి, మౌసుకి వైరుండాలా వద్దా అని కొట్టుకు చస్తారు. పాతది గడప దాటేటప్పుడు మాత్రం లోపల ఏముందో ఒక్కడూ చూడడు. మీ వ్యాను గేటు ముందు ఆగి వీటిని ఎక్కించుకుంటుంటే వీధి వీధంతా చూసింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.”

అతని మెడలోని గుర్తింపు కార్డు చొక్కా జేబులో సగం దూరి ఉంది. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. ఎవరని అడిగే ధైర్యం షాపాయనకు రాలేదు. అయినా అతను అన్నదాంట్లో తప్పేముంది? పాత బీరువా అమ్మాలంటే అరలన్నీ నాలుగుసార్లు తడిమి చూసుకునే జనమే, కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి దుమ్ము కూడా దులపకుండా ఇచ్చేస్తారు.

వెనక బల్ల దగ్గర షాపాయన భార్య స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. ఆ షాపులో అమ్మకాలు ఆయనవి, రిపేర్లు ఆవిడవి.

“అంత ముఖ్యమైనవి ఏమున్నాయి సార్ అందులో?” అంది.

“అడ్రసులమ్మా. మొగుళ్ళ చేతుల్లో చావు దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళవి. మూడో కంటికి తెలియకుండా ఒక్కొక్కరికీ ఒక్కో చోట ఇల్లు చూసిపెట్టారు. ఏ ఊళ్ళో ఉంటున్నారు, ఎక్కడ పని చేస్తున్నారు, పిల్లలు ఏ బడికెళ్తున్నారు, అన్నీ వీటిలోనే ఉన్నాయి. ఏ మొగుడి చేతికైనా చిక్కితే ఏమవుతుందో నేను చెప్పాలా?”

ఆవిడ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది.

“ఒకావిడకి ఎడమ చెవి వినపడదు,” అన్నాడతను. “పుట్టుకతో కాదు. ఫోన్ ఎత్తలేదని ఒక్క దెబ్బ. ఒక్కటంటే ఒక్కటే.”

షాపాయన ఇబ్బందిగా ఫోన్ తీశాడు.

“ఆశ్రమం మేడంగారికి ఓ మాట చెప్తాను సార్. డిస్కులు మీకిస్తే చీటీ ఏదైనా ఉండాలి కదా.”

“చెప్పండి, శుభ్రంగా చెప్పండి. పెట్టెలు దించుకున్నప్పుడు రాయించుకున్నారా చీటీ? లోపల ఏముందని అడిగారా? నేనొచ్చాక గుర్తొచ్చిందా? ఆవిడ కమిటీకి చెప్తుంది. కమిటీ మీటింగు పెడుతుంది. ఈలోగా ఆ నోటా ఈ నోటా ఊరంతా పాకుతుంది. రేపు ఎవరికైనా ఏదైనా అయితే పోలీసులు ముందు వచ్చేది మీ షాపుకే.”

షాపాయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

భార్యకు మొగుడి మీద ఒళ్ళు మండింది. “అక్కడ మనుషుల ప్రాణాలంటుంటే చీటీ అంటారేంటండీ? తప్పుకోండి ముందు,” అని పై పెట్టెను బల్ల మీదికి లాక్కుంది.

ఐదు డిస్కులూ ఆవిడే విప్పింది. చెవి వినపడని ఆ మనిషి మొహం కూడా ఎరగదు, అయినా విప్పుతున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉంది.

“అలాంటి మొగుణ్ణి నిలువునా చీరెయ్యాలి,” అంది చివరికి.

అతను గోడ మీది గడియారం వైపు చూశాడు.

డిస్కులకు విడివిడిగా కాగితాలు చుట్టి, అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి అతని చేతికిచ్చింది. మెట్లదాకా వెంట వెళ్ళింది.

“మీలాంటివాళ్ళు ఒక్కరున్నా చాలు సార్. ఆ ఆడవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు.”

అతను తలూపి, గబగబా మెట్లు దిగిపోయాడు.

రెండు వీధులు దాటాక కారు ఓ పక్కన ఆపాడు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పెట్టె టేపు చింపి, మొదటి డిస్కు తగిలించాడు. పాస్‌వర్డ్ అయినా అడగకుండా తెరుచుకుంది. అందులో ఏమీ లేదు, పాత బిల్లులు తప్ప. రెండోదాంట్లో ముప్పై నాలుగు పేర్ల జాబితా దొరికింది. పై నుంచి ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చాడు.

తొమ్మిదో వరసలో, ఏడాదిన్నరగా ఎంత వెతికినా దొరకని తన పెళ్ళాం పేరూ, పక్క గడిలో ఆమె కొత్త ఇంటి అడ్రసూ కనిపించాయి.