ఫోర్తునాతో మామయ్య పచ్చ గిటారు

పెరూ కొండల్లోని మా ఉవాంకాయో ఊరి పెళ్లిళ్లన్నిటా కుంబియా పాటలు మోగించిన మా ఫోర్తునాతో మామయ్య పోయాడు. ఆయన పచ్చ కరెంటు గిటారు నాకొచ్చింది. రంగు గీకితే కింద దాన్ని చేసిన లీమా నగరపు వడ్రంగి ముద్ర బయటపడింది. అసలు రూపం దొరికిందని మురిసిపోయి, మామయ్య బొటనవేలు అరగదీసిన, తీగల కింది పలకను కూడా మార్చేసి, అద్దంలా మెరిపించాను.

మనిషి పోయిన ఐదో రాత్రి మా వైపు వాళ్ల గదిలో నేల మీద బూడిద చల్లి తలుపు మూస్తాం. పోయినవాళ్లు తమ వస్తువులు చూసుకోవడానికి వస్తారు. మెరిసే గిటారును మామయ్య గదిలో పెట్టి, బూడిద చల్లి, నిద్ర రాకుండా కోకా ఆకు నములుతూ పక్కగదిలో కూర్చున్నాం.

“మీ మామ తాగితే తప్ప తాళం తప్పేవాడు కాదురా,” అంది యుదోసియా అత్త.

“అంటే రోజూ తప్పేవాడన్నమాట, అత్తా!” అన్నాను.

అందరూ నవ్వారు. అంతలో అవతల కుడికాలు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు. మామయ్య నడక అది. ఒక్క తీగైనా మోగుతుందని చెవులు రిక్కించాను. మోగలేదు.

తెల్లవారి తలుపు తీశాం. బూడిదలో అడుగుల గుర్తులు గుమ్మం నుంచి మొదలై గిటారు పక్కనుంచే ఆగకుండా సాగిపోయాయి. మూలన చెత్తబుట్టలో నేను గీకిపోసిన పచ్చరంగు పొట్టు ఉంది. దాని ముందు బూడిదలో రెండు మోకాళ్ల గుర్తులు.

“ఆయనకి తెలిసిన గిటారు ఆ బుట్టలో ఉందిరా, విల్బర్,” అంది అత్త, అందరికీ వినబడేలా.

గుమ్మం వైపు తిరిగి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు.