పన్నెండో పీట

మఠం వాకిలి కాపలా చూసే సన్యాసిని ఎల్విరమ్మకి ఆ ముసలామెని చూస్తేనే ఒళ్ళుమంట.

ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. అడగొద్దని మా మఠం పెద్దమ్మగారి ఆజ్ఞ. మూల కూర్చుని బఠాణీలు వలుస్తుంది, పెట్టిన రొట్టె తింటుంది, అంతే.

ఆ ఏడు ఎల్విరమ్మ తమ్ముడు నూన్యో, కాస్తీల్ దేశపు రాజుగారి అడవిలో జింకను కొట్టి దొరికిపోయాడు. శనివారం ఉరి.

ఇక ఆశల్లా గురువారం మీదే. ఈస్టరుకి ముందు గురువారం రాణిగారు రాజుగారితో కలిసి మఠానికొచ్చి పన్నెండు మంది పేదరాళ్ళ కాళ్ళు కడుగుతారు. కడిగించుకున్నామె ఓ కోరిక కోరుకోవచ్చు. రాణి అందరి ముందూ మోకరిల్లి అడిగితే రాజు కాదనకూడదు, అది ఆనవాయితీ. సన్యాసినులకి మాత్రం ఆ పీట ఎక్కే భాగ్యం లేదు.

పదకొండు పీటలకీ ఊళ్ళోవాళ్ళు ఖాయమైపోయారు. ఎవరి గోడు వాళ్ళది. మిగిలింది ఒక్కటే.

ఎల్విరమ్మ వెళ్ళి ముసలామె చేతులు పట్టుకుంది.

“మావాడి ప్రాణం అడుగవ్వా.”

“నేనడిగితే పోతాడమ్మా. ఇంకెవరినైనా కూర్చోబెట్టు.”

“ఏం, నువ్వడిగితే ఏమొచ్చింది?”

“రాజుకి నా మొహం గిట్టదు. అంతకుమించి చెప్పకూడదు.”

అంత ఏడుపులోనూ ఎల్విరమ్మకి నవ్వొచ్చింది. “అబ్బో, నీ మొహం రాజుగారికి కూడా తెలుసేం!”

ముసలామె బతిమాలింది. ఎల్విరమ్మ వింటేగా. ఇన్నాళ్ళు తిన్న రొట్టెకి ఈపాటి విశ్వాసం లేదా అని దులిపేసింది.

గురువారం నాడు ముసలామె ముసుగు కిందికి లాక్కుని వెళ్ళి పీట మీద కూర్చుంది.

రాణి, రాజు పోయినేడే కట్టుకున్న కొత్త పెళ్ళాం, చిన్నపిల్ల. కాళ్ళు కడిగింది, తుడిచింది, కోరిక అడిగింది. నూన్యో ప్రాణం అంది ముసలామె, తల ఎత్తకుండానే.

రాణి వెళ్ళి రాజు ముందు మోకరిల్లింది. రాజు నవ్వుతూ, సరేనన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తినవాడు, అడిగినామె ఎవరో చూద్దామని ముసుగు తీయమన్నాడు.

చూశాడు. నవ్వు పోయింది. ఎత్తిన చెయ్యి దించేశాడు.

“శనివారం దాకా ఎందుకు? ఇవాళే కానివ్వండి.”

అని చక్కా వెళ్ళిపోయాడు. రాణికి ఏమీ అర్థంకాలేదు. పాపం, అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది.

ఎల్విరమ్మ ముసలామె భుజం పట్టుకుంది.

“ఎవరవ్వా నువ్వు?”

ముసలామె రాణి వైపే చూస్తోంది.

“ఆ పిల్ల రాకముందు, అక్కడ మోకాళ్ళ మీద ఉండేదాన్ని నేనే తల్లీ.”