మదర్ పోయింది

"ఇది ఇంక లేవదా?"

మెకానిక్ తలెత్తలేదు. ఆమె కంప్యూటర్ అతని బల్ల మీద వెల్లకిలా పడి ఉంది.

"తొందరపడకండమ్మా. అసలు పొద్దున ఏం చేశారో చెప్పండి."

"అప్‌డేట్ చెయ్యాలంది. సరే అన్నాను. కాసేపటికి తెరంతా నల్లగా అయిపోయింది. బిగుసుకుపోయిందేమోనని బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను."

"బాగుంది! అది ఓనమాలు దిద్దుకుంటుంటే మధ్యలో పలక లాక్కున్నారన్నమాట."

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. ఇప్పుడు గోడ గడియారం వైపే చూస్తోంది.

అది మామూలు కంప్యూటర్ కాదు. జబ్బు చేసి భర్తకి కాళ్ళూ చేతులూ పడిపోయాయి, ఆఖరికి మాటా పడిపోయింది. కళ్ళు మాత్రం కదులుతాయి. ఆయన తెర మీద అక్షరాలను ఒక్కొక్కటే చూస్తే చాలు, ఇది కూడబలుక్కుని పైకి పలుకుతుంది.

ఇంటికి తెచ్చిన రోజు ఆయన పలికిన మొదటి మాట, "నెలల తరబడి చెబుదామనుకుంటున్నా, ముందు ఆ టీవీ కట్టెయ్యి."

ఆమె నవ్వలేక, ఏడవలేక చచ్చింది ఆ రోజు.

ఈ రోజు నాలుగింటికి పెద్ద డాక్టరు వస్తాడు. ఊపిరి కోసం గొంతుకి గొట్టం వెయ్యాలా వద్దా అన్నది తేలాలి.

"మీరు ఒప్పుకుంటే చాలదమ్మా. ఆయన రెప్పలార్పినా చాలదు. ఆయనకేం కావాలో ఆయన మాటల్లోనే వినాలి," అన్నాడు డాక్టరు నిన్న.

చేజేతులా ఆయన నోరు నొక్కేశాను కదా అని ఆమె కుమిలిపోతోంది.

"మదర్ పోయిందా?" అంది. ఈ కొట్టు చుట్టూ తిరిగి తిరిగి ఆమెకీ ఇక్కడి భాష వంటబట్టింది.

"మదర్‌బోర్డుకేం, గుండ్రాయిలా ఉంది. పోయింది బయోస్. లేవగానే చదువుకునే మొదటి పాఠం అది. అదే చెరిగిపోయింది."

"మళ్ళీ రాయలేరా?"

"ఏది చూసి రాయను? ఈ మోడల్ కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆపేశారు. అచ్చం ఇలాంటిదే ఒకటి, బతికున్నది దొరికితే, దాన్ని చూసి దీనికి రాసేస్తా. అరగంట పని."

"ఎక్కడ దొరుకుతుంది?"

మెకానిక్ పెదవి విరిచాడు.

అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నారు. మాసిన గడ్డం, చంకలో సంచి.

"మదర్ పోయింది... అవును... చెయ్యాల్సిందంతా చేశాం, లాభం లేకపోయింది... ఇంక ఈ మిషన్ ఇంట్లో ఎందుకు? ఇచ్చేద్దామని వచ్చా."

పాత సామాను బేరగాడు కాబోలు అనుకుంది ఆమె.

అతను లోపలికి వచ్చాడు. బల్ల మీద ఉన్నదాన్ని చూసి ఠక్కున ఆగిపోయాడు.

"ఇది ఎవరికమ్మా?"

"మావారికి. మీకెందుకు?"

"ఏమైంది దీనికి?"

మెకానిక్కే రెండు ముక్కల్లో చెప్పాడు.

అతను సంచిలోంచి ఒక కంప్యూటర్ తీసి బల్ల మీద పెట్టాడు. అచ్చం అలాంటిదే.

"దీన్ని చూసి రాయండి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఇందాక ఫోన్లో మదర్ పోయిందన్నావు కదూ? నా చెవులారా విన్నాను!"

అతను తెల్లబోయాడు.

"అవునమ్మా. పోయింది."

"పోయినదాన్ని తెచ్చి మాకు అంటగడతావా? ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి నేను ఏడుస్తుంటే నీకు బేరం కావాల్సి వచ్చిందా? శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే!"

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చూపు గడియారం వైపు పోవడం చూసి మానుకున్నాడు.

"టైమైపోతోంది, మీరు కానివ్వండి," అన్నాడు మెకానిక్‌తో.

తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"లేచాక చూపుని పసిగట్టే కెమెరాకి కళ్ళు మళ్ళీ అలవాటు చెయ్యాలమ్మా. తల కింద దిండు కాస్త ఎత్తుగా పెట్టండి. కుడి కన్ను అలిసిపోతే ఎడమ కంటికి మార్చండి. తొందరపెట్టకండి, వాళ్ళకి కోపం వస్తుంది."

వాళ్ళెవరని అడగాలని కూడా ఆమెకి తోచలేదు. ముఖం తిప్పేసుకుంది.

అతను మెకానిక్‌ని పక్కకి పిలిచి గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. రేటు కాబోలు అనుకుంది. ఆ కంప్యూటర్ మీద ఒకసారి చెయ్యి వేసి, ఖాళీ సంచి మడుచుకుని వెళ్ళిపోయాడు.

మెకానిక్ దాని మూత విప్పాడు. చిప్ మీద క్లిప్ బిగించాడు. అందులో ఉన్నదాన్ని చదివి, ఆమె కంప్యూటర్‌కి రాశాడు.

బటన్ నొక్కాడు. లేవలేదు.

ఆమె గబుక్కున బల్ల మీదికి వంగింది.

"ఉండండి, క్లిప్ సరిగ్గా కూర్చోలేదు."

మళ్ళీ రాశాడు. మళ్ళీ నొక్కాడు.

చిన్న చప్పుడు. తెర వెలిగింది. అక్షరాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఆమె బల్ల పట్టుకుని భోరుమంది. గడియారం చూస్తే ఇంకా వేళ ఉంది. గబగబా కంప్యూటర్‌ని గుండెకి హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఏదో అనుమానం వచ్చి వెనక్కి తిరిగింది.

"అవునూ, ఆ బేరగాడి మిషన్‌కి మదర్ పోయింది కదా? మరి ఇది ఎలా పనిచేసింది?"

"దీని బోర్డుకి ఏ జబ్బూ లేదే!"

"మరి ఫోన్లో..."

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ మెల్లగా కింద పెట్టాడు.

"అతను బేరగాడు కాదమ్మా. మాట పడిపోయినవాళ్ళు ఎవరొచ్చినా ఊరికే ఇచ్చెయ్యమని దీన్ని వదిలేసి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ ఇందులోంచే కొడుకుతో మాట్లాడిన వాళ్ళమ్మ మొన్న ఆదివారం కన్నుమూసిందట."