నూట పన్నెండో పేజీలో నవ్వు

పుస్తకాన్ని బల్ల మీద విసిరికొట్టాడు భూతద్దం. నాలుగు చిన్న మరలు ఎగిరి నేల మీద పడ్డాయి. ఆయన వెతకలేదు.

వాచీలు బాగుచేసే ఆయన్ని అందరూ భూతద్దం అనే పిలుస్తారు. కంటికి పెట్టుకున్న అద్దం ఎప్పుడూ తీయడు మరి. ఆ కంటితోనే పొద్దుట్నుంచి నూట పన్నెండో పేజీని ఏడుసార్లు చదివాడు.

నవలలో కథ చెప్పే “నేను” ఒక యూదుడు. వాచీల దుకాణంలో పనివాడు. పక్క బల్ల దగ్గర ప్రాణస్నేహితుడు. ఒకరోజు ఎవడో వచ్చి, “ఆ యూదుడి చేతికి మాత్రం నా వాచీ ఇవ్వకండి” అంటాడు. యజమాని తల దించుకుంటాడు. ప్రాణస్నేహితుడు నవ్వుతాడు.

ఆ దుకాణం నిజం. ఆ రెండు బల్లలూ నిజం. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క వానకోటూ నిజమే. అక్కడ పదకొండేళ్ళు పక్కపక్కన పనిచేసింది భూతద్దమూ, ఈ రచయితా. నవ్వు దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా తలకిందులు చేశాడు వెధవ!

ఇది రచయిత సొంత కథేనని పేపర్లో రాసి, ఇద్దరి పాత ఫొటో కూడా వేశారు. నిన్న ఒకావిడ ఆ పేపరు పట్టుకునే వచ్చింది. “నవ్వింది మీరేనటగా?” అని, బాగుచేయడానికిచ్చిన వాచీ అలాగే వెనక్కి తీసుకుపోయింది. ముప్పయ్యేళ్ళుగా ఎవరిచేతా మాట పడని మనిషికి ఒళ్ళు మండిపోయింది.

దుకాణం మూసేసి, రచయిత సంతకాలు చేస్తున్న పుస్తకాల షాపుకి వెళ్ళాడు. వరస తలుపు దాకా ఉంది. ముందు నిలబడ్డావిడ కళ్ళొత్తుకుంటోంది.

“శుక్రవారం చీకటి పడ్డాక వాళ్ళమ్మ కొవ్వొత్తులు వెలిగిస్తుంది చూడండీ, అక్కడ నాకు ఏడుపాగలేదు.”

“చీకటి పడ్డాకా? తప్పు! పొద్దుగూకక ముందే వెలిగించాలి. పొద్దుగూకితే యూదుల విశ్రాంతి దినం మొదలైనట్టే, ఇక అగ్గిపుల్ల ముట్టుకోకూడదు.”

“బాగుంది! రచయితగారింటి సంగతి ఆయనకంటే మీకే ఎక్కువ తెలుసన్నమాట!”

భూతద్దం పళ్ళు నూరాడు. అందర్నీ తోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“ఒరేయ్! ఆ రోజు నవ్వింది నేనా?”

రచయిత తలెత్తాడు. సంతకం సగంలో ఆగిపోయింది.

“నిన్నే అడుగుతున్నది! నా మొహం చూడ్డానికి కూడా జనం అసహ్యించుకుంటున్నారు. వీళ్ళందరి ముందూ చెప్పు, నేను నవ్వానా? సిగ్గూ శరం లేదట్రా నీకు? పోనీ, ఆ కొవ్వొత్తులైనా సరిగ్గా వెలిగించి ఏడ్చావా!”

రచయిత పెన్ను కింద పెట్టాడు.

“నవ్వింది నేనని ఒప్పుకునే దమ్ము లేక నీ బతుకులో దూరి రాసుకున్నాను గానీ, నేను చీకటి పడ్డాక మీ ఇంటికి భోజనానికొచ్చేసరికి మీ అమ్మ ఆ కొవ్వొత్తులు ఎప్పుడో వెలిగించేసి ఉండేదిరా.”