నెట్‌వర్క్‌లో మూడోది

కాజీపేటలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో జెస్సికా ఒంటరిగా ఉంది. ఆ రాత్రి లినక్స్ లాప్‌టాప్‌లో వైఫై సరిచేస్తుంటే, లాప్‌టాప్, ఫోన్ కాక మూడో పరికరమేదో నెట్‌వర్క్‌లో కనిపించింది. ఉందో లేదో చూద్దామని పింగ్ సంకేతం పంపిస్తే, సెకనుకొక జవాబిచ్చింది. రౌటర్ ప్లగ్గు పీకేసింది. దాని దీపాలన్నీ ఆరినా తెర మీద జవాబులు ఆగలేదు.

తమ్ముడు సందీప్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"అక్కా, తాళమేసి మా ఇంటికి రా!"

"నా ఇల్లు ఇడిసిపెట్టి నేనెందుకు రావాలెరా? పోతే అదే పోవాలె."

ఫోన్ పెట్టేసి, ఆ మూడోదాన్ని అడ్డుకునే కమాండ్ కొట్టింది. జవాబులు ఆగిపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం.

అప్పుడు, ఎవరూ లేని వంటింట్లోంచి, సెకనుకొకసారి తలుపు కొడుతున్న చప్పుడైంది.

జెస్సికా లేచింది. వెళ్లి వంటింటి తలుపుకు బయట గడియ పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తెల్లారేదాక కొట్టుకో," అంది. "నేనైతే కదల."